డిసెంబరు 17

ధనుర్మాసం వచ్చిన ఒకటి రెండు రోజులకే మన పెన్షనర్ల దినోత్సవం వస్తుంది. తెల్లవారుజామున కోవెలలో తిరుప్పావై, వేడి పొంగలి ప్రసాదం, వాకిళ్ళలో ముగ్గులు. ఊరు దాటితే వరి కుప్పలు, కోతకు ముందే చల్లిన మినుము మొలకలు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఎక్కడైనా ఆ ఉదయం ఇలాగే ఉంటుంది. మఫ్లరు చుట్టుకుని సమావేశానికి బయలుదేరుతుంటే మనుమలు "ఈరోజు సెలవా తాతయ్యా?" అని అడుగుతారు. ప్రభుత్వ సెలవు కాదు. అయినా మనకు సెలవుతో పనేముంది లెండి, రిటైరైన మర్నాటి నుంచీ రోజూ సెలవే! కాని "ఇవాళ ఏమిటి విశేషం?" అంటే చెప్పగలగాలి కదా.

ఈ తేదీన చాలా సంగతులే జరిగాయి. ప్రాచీన రోములో శాటర్నేలియా అనే పండుగ డిసెంబరు 17నే మొదలయ్యేది. ఆ రోజుల్లో యజమానులు హోదా పక్కనపెట్టి బానిసలతో కలిసి విందు చేసేవారట. 1903లో రైటు సోదరులు అమెరికాలో ఇంజను విమానాన్ని మొదటిసారి ఎగరేసింది ఈ రోజే; గాలిలో ఉన్నది 12 సెకన్లు, సాగింది 120 అడుగులు. 1907లో భూటాన్‌కు తొలి రాజు పట్టాభిషిక్తుడైనదీ ఈనాడే. అక్కడ ఇది జాతీయ దినం.

మన దేశంలో ఈ తేదీకి నెత్తురు అంటింది. కాకోరి కేసులో రాజేంద్రనాథ్ లాహిరిని 17-12-1927న గోండా జైలులో ఉరితీశారు. సరిగ్గా ఏడాదికి లాహోరులో భగత్ సింగ్, రాజగురు కలిసి సాండర్స్ అనే పోలీసు అధికారిని కాల్చి చంపారు. లాలా లజపతి రాయ్ కన్నుమూసి ఆనాటికి సరిగ్గా నెల. వారు గురిపెట్టింది స్కాట్ అనే మరో అధికారికి, మనిషిని పొరబడ్డారు.

ఇక మన వైపు వస్తే, రేపల్లె వారు పెనుమూడి దగ్గర కృష్ణ దాటి వెళ్ళే బందరులో వైద్యం చేసి, తర్వాత రాజకీయాల్లోకి వచ్చిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 17-12-1959న పరమపదించారు. ఆంధ్రోద్యమ తొలి నాయకులలో ఆయన ఒకరు. ఆ ఉద్యమం తొలి మహాసభ 1913లో బి.ఎన్. శర్మగారి అధ్యక్షతన జరిగింది మన బాపట్లలోనే. 1923లో పట్టాభిగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు మనలో ఎందరి బీరువాల్లోనో ఇంకా ఉంది. 1-4-2020న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కొత్త పాస్‌బుక్కు వచ్చినా పాతది పారేయబుద్ధి కాలేదు నాకు.

మన దినోత్సవానికి మూలం మాత్రం 17-12-1982, శుక్రవారం. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారాగారు, మరొక విశ్రాంత ఉద్యోగి, కామన్ కాజ్ అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తగాదా అంతా ఒక తేదీ గురించే! 1979లో కేంద్రం పెన్షను లెక్కగట్టే పద్ధతి మార్చి, శ్లాబులు పెట్టి, గరిష్ఠ పరిమితి పెంచింది. మంచిదే. కాని 31-3-1979న గాని ఆ తర్వాత గాని రిటైరైన వారికే అన్నది. అంటే ఒకే కుర్చీలో, ఒకే జీతంతో, అన్నేళ్ళే పనిచేసిన ఇద్దరిలో ముందు రోజు దిగినవాడికి తక్కువ, మర్నాడు దిగినవాడికి ఎక్కువ. ముందు రిటైరైనవాడు వయసులో పెద్దవాడు, మందుల ఖర్చు ఎక్కువ ఉన్నవాడు. వాడికే కోత!

ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారితో కలిసి అయిదుగురు విన్నారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డిగారు ఉన్నారు. తీర్పు రాసింది జస్టిస్ డి.ఎ. దేశాయ్‌గారు. పెన్షను దొరగారి దయ కాదు, చేసిన సేవకు తర్వాత అందే ప్రతిఫలం, హక్కు అన్నారు. కేలండరులో ఒక గీత గీసి పెన్షనర్లను రెండు ముక్కలు చేయడం 14వ అధికరణానికి విరుద్ధమని ఆ గీత చెరిపేశారు. అయితే ఆ తేదీకి ముందు కాలపు బకాయిలు రావన్నారు. ఈ మాట మన ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు.

గీతలు గీయడం అంతటితో ఆగలేదు. 4-4-2022న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరులోనే మిగిలింది. కాగితాలు మారాయి, పెన్షను మారలేదు గనుక దాన్ని వదిలేద్దాం. మారింది వేరేచోట. మన రాష్ట్రంలో 1-9-2004 నుంచి ఉద్యోగంలో చేరినవారికి పాత పెన్షను లేదు; జీతంలోంచి నెలనెలా పది శాతం సి.పి.ఎస్. కింద కోసుకుంటున్నారు. 2025 మార్చిలో ఫైనాన్స్ చట్టం ద్వారా, రిటైరైన తేదీని బట్టి కూడా తన పెన్షనర్లలో తేడా చూపే అధికారం కేంద్రం చట్టంలోనే రాసుకుంది. నకారాగారి కేసు మళ్ళీ తీసి చదువుకోవలసి వచ్చింది అందుకే. 2004 ఆగస్టు 31న చేరిన టీచరు ఒక గట్టున, మర్నాడు చేరినవాడు మరో గట్టున. ఆ రెండో గట్టున ఉన్నవాడు చాలా ఇళ్ళలో మన కొడుకో, కోడలో.