ఫైబ్రోమయాల్జియా

ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్లంతా నెలల తరబడి నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట, కలత నిద్ర, మతిమరుపు కలగలిసి వచ్చే దీర్ఘకాలిక జబ్బు. కీళ్లు వాచవు, ఎముకలు అరగవు, రక్తపరీక్షలోనూ ఎక్స్‌రేలోనూ ఏమీ కనిపించదు. నూటికి ఇద్దరు నుంచి నలుగురికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లలో ఎక్కువగా గుర్తిస్తున్నారు. కనబడని నొప్పిని వైద్యులు ఎంతకాలానికి, ఎలా నమ్మారన్నదే ఈ జబ్బు చరిత్రలో పెద్ద భాగం.

లక్షణాలు

నిన్న మెడలో ఉన్న నొప్పి ఇవాళ పిక్కల్లోకి దిగుతుంది. ఒకరోజు సలుపు, ఒకరోజు మంట, ఇంకొకరోజు సూదులు గుచ్చినట్టు పోట్లు. వాటికి తోడు తలనొప్పి, తిమ్మిర్లు, కడుపు ఉబ్బరం, మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం. వెలుతురు, చప్పుడు, వాసన, చలి కూడా కొందరికి భరించరానివవుతాయి.

ఈ జబ్బున్న మనిషి హైదరాబాదు మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లిందనుకుందాం. ఏడో నిజాం రెండో కొడుకు పేరిట 1935లో కట్టిన ఆ రాతి కట్టడం చుట్టూ రోజంతా బండ్ల హారన్లు మోగుతూనే ఉంటాయి. సోమవారం ఆమె నాంపల్లి నుంచి నడిచే వచ్చి, బేరాలాడి, సంచి నింపుకుని, ఐస్‌క్రీం కూడా తిని వెళ్తుంది. గురువారం అదే చోట అత్తరు వాసనకే తల తిరుగుతుంది, ఐస్‌క్రీం గిన్నె చల్లదనానికి వేళ్లు సలపరిస్తాయి, సంచి పట్టీ ఒరుసుకున్న భుజం పచ్చి పుండులా ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందంటే చెప్పడానికేమీ ఉండదు. సోమవారం చూసినవాళ్లు గురువారం ఆమె మాట నమ్మరు. నొప్పి ఎంత బాధిస్తుందో ఆ అపనమ్మకమూ అంతే బాధిస్తుంది.

చరిత్ర

చరక సంహిత చెప్పిన 80 వాత వికారాల్లో కాళ్ల నొప్పులతో పాటు నిద్రలేమి, మనసు నిలకడ తప్పడం కూడా ఉన్నాయి. అది ఈ జబ్బు వర్ణనే అనలేం. కానీ నొప్పినీ నిద్రనీ మనసునీ ఒకే వరుసలో చూడడం మన దగ్గర కొత్తేమీ కాదు. ఐరోపా వైద్యం చాలాకాలం వీటిని విడదీసి, కొన్నిటిని కీళ్లవాతం కింద, కొన్నిటిని నరాల బలహీనత కింద జమకట్టింది.

శస్త్రచికిత్స నొప్పి విషయంలో హైదరాబాదుకు పంతొమ్మిదో శతాబ్దంలోనే పేరొచ్చింది. మత్తుమందుగా వాడే క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, ఇక్కడ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. కోతతో వచ్చే నొప్పికి అలా మత్తుమందు ఉంది. కారణం కనబడని నొప్పికి అప్పటికింకా సరైన పేరు కూడా లేదు.

1904లో లండన్ నరాల వైద్యుడు విలియం గోవర్స్ నడుంనొప్పి మీద ప్రసంగిస్తూ ‘ఫైబ్రోసైటిస్’ అన్నాడు. కండరాల్లోని పీచు కణజాలం వాయడమే కారణమని ఆయన ఊహ. తరవాతివాళ్లు ముక్క తీసి పరీక్షించినా ఆ వాపు దొరకలేదు. వాపు లేదంటే జబ్బే లేదని తేల్చేసినవాళ్లు చాలామంది. ‘అంతా మనసులోనే ఉంది’ అన్న మాట రోగుల నెత్తిన పడింది ఇందువల్లే.

దారి మళ్లించింది నిద్ర. 1975లో టొరంటోలో హార్వే మోల్డాఫ్‌స్కీ, హ్యూ స్మైత్ తదితరులు ఈ రోగులు నిద్రపోతుండగా మెదడు తరంగాలను నమోదు చేశారు. గాఢనిద్రలో ఉండాల్సిన నిదానమైన అలల్లోకి మెలకువ నాటి అలలు చొరబడుతున్నాయని కనిపెట్టారు. అంతటితో ఆగలేదు. ఏ జబ్బూ లేనివాళ్లను పడుకోబెట్టి, గాఢనిద్రలోకి జారినప్పుడల్లా శబ్దంతో కదిలించారు. కొన్ని రాత్రులు గడిచేసరికి వాళ్లకూ పొద్దున్నే ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. ఈ జబ్బు చరిత్రలో ఇంతకంటే కళ్లు తెరిపించిన ప్రయోగం మరొకటి లేదు. 1976లో ఫిలిప్ హెంచ్ ఇప్పటి పేరు పెట్టాడు.

1990లో కీళ్లు, కండరాల జబ్బులు చూసే వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఈ జబ్బును గుర్తించే ప్రమాణాలు ప్రకటించింది. ఒంటిమీద 18 చోట్ల వేలితో సుమారు 4 కిలోల ఒత్తిడి పెట్టి నొక్కాలి, కనీసం 11 చోట్ల నొప్పెట్టాలి. జబ్బుకు గుర్తింపు తెచ్చింది ఇదే. కానీ రోజుకో తీరుగా ఉండే నొప్పిని ఒక్క పూట నొక్కి లెక్కకట్టడం రోగులకు అన్యాయమే చేసింది. 2010లో ఆ లెక్క వదిలేసి, నొప్పి ఎక్కడెక్కడ ఉంది, అలసట, నిద్ర, జ్ఞాపకం ఎలా ఉన్నాయని రోగినే అడిగే పద్ధతి తెచ్చారు.

ఈలోగా 2002లో అమెరికాలో రిచర్డ్ గ్రేస్లీ, డేనియల్ క్లావ్ బృందం 16 మంది రోగుల బొటనవేలి గోరు నొక్కుతూ మెదడు స్కాన్లు తీసింది. మామూలు మనుషులకు పెద్దగా నొప్పెట్టని ఒత్తిడికే వీళ్ల మెదడులో నొప్పి కేంద్రాలు చురుగ్గా స్పందించాయి. నాడీవ్యవస్థే నొప్పిని హెచ్చించి వినిపిస్తోందన్న అవగాహన దీంతో గట్టిపడింది.

తెలుగునాట

1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి చికున్‌గున్యా చవిచూశాయి. నలభై ఏళ్ల తరవాత, 2005 చివర్లో, అది మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లో విరుచుకుపడింది. 2006లో దేశవ్యాప్తంగా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం వారంలో పోయినా నొప్పులు కొందరిని నెలలు, ఏళ్లు వదల్లేదు. వారిలో కొందరి బాధ ఫైబ్రోమయాల్జియా ప్రమాణాలకు సరిపోయేలా ఉంటుందని పరిశోధకులు గమనించారు. ఊరంతటికీ వచ్చిన జ్వరం కాబట్టి ఆ నొప్పుల్ని ఎవరూ నటన అనలేదు. ఒంటరిగా ఈ జబ్బు పడ్డవాళ్లకు ఆ అదృష్టం లేదు.

ఒళ్లునొప్పులంటే మనవాళ్లు ముందు ఎముకల డాక్టరు దగ్గరికే పోతారు. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ కూడా 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైందే. ఇప్పుడక్కడ రుమటాలజీ విభాగముంది, ఈ జబ్బును గుర్తుపట్టాల్సింది అలాంటి విభాగాల నిపుణులే. వాళ్ల దగ్గరికి చేరేదాకా చాలామంది ఆధారపడేది నొప్పి బిళ్లలు, స్టెరాయిడ్ సూదుల మీద. స్టెరాయిడ్లు ఈ జబ్బుకు పనిచేయవు. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకే ముప్పు.

చికిత్స, జీవనం

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు 2007లో ప్రెగాబలిన్‌నూ, 2008లో డ్యులోక్సెటిన్‌నూ అనుమతించింది. కొందరికి కొంత ఉపశమనం, అంతే. 2017లో ఐరోపా రుమటాలజీ నిపుణులు గట్టిగా సిఫార్సు చేసింది ఒక్క వ్యాయామాన్నే, అదీ తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచమని. ఒళ్లు తేలికగా ఉన్న రోజు పెండింగు పనులన్నీ చేసేసి మర్నాటి నుంచి మంచం పట్టడం ఈ జబ్బులో చాలామంది చేసేదే. అందుకే బాగున్న రోజు కూడా అరగంట పనికి పది నిమిషాల విశ్రాంతి లాంటి కట్టుబాటు పెట్టుకోమంటారు.

ఇల్లు సరే, కొలువు సంగతే కష్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కించిన 21 వైకల్యాల్లో ఫైబ్రోమయాల్జియా పేరు లేదు. అబిడ్స్ బట్టల దుకాణంలో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు విప్పి చూపే అమ్మాయికి ఈ జబ్బుంటే, ఆమెకు ముందు కావలసింది ఒక స్టూలు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి, ఉద్యోగులు కూర్చునే ఏర్పాటు చేయడం యజమానుల బాధ్యతగా మార్చాయి.