వంకర పాదంతో మైదానానికి

రగ్బీ ఆట పేరు మీరు వినే ఉంటారు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన బెట్టుకుని పరుగెత్తాలి. ఎదుటి జట్టువాళ్లు పట్టి కింద పడేస్తారు. "ఆడపిల్లలకు ఇదేం ఆటండీ!" అంటారు కదూ? ఆ ఆట పుట్టిన ఇంగ్లండులోనూ చాలాకాలం ఆ మాటే అన్నారు.

1983లో లండనులో మాగీ అల్ఫోన్సీ అనే పిల్ల వంకర పాదంతో పుట్టింది. తల్లి ఒంటరిగానే పెంచింది. బడిలో వ్యాయామం నేర్పే పంతులమ్మ లైజా బర్జెస్. ఈవిడ సామాన్యురాలు కాదు! 1987లో వేల్సు మహిళలు ఆడిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచికి నాయకురాలు. మాగీలోని సత్తువ కనిపెట్టి, రగ్బీ ఆడమని ఆవిడే దారి చూపింది.

2003లో మాగీ ఇంగ్లండు జట్టులో చేరింది. ఎదుటివాళ్లను పడగొట్టడంలో "యంత్రం" అని పేరు తెచ్చుకుంది. అయినా 2006, 2010 ప్రపంచకప్పు ఫైనళ్లలో ఇంగ్లండుకు న్యూజిలాండు చేతిలో ఓటమే దక్కింది. రెండోది సొంత ఊరు లండనులోనే, 13-10 స్కోరుతో! ఎంత బాధపడి ఉంటారో చూడండి. 2014లో పారిస్‌లో కెనడాను 21-9తో ఓడించి కప్పు గెలిచారు. 74 మ్యాచులు, 28 ట్రైలతో మాగీ ఆట విరమించింది. 2016లో ప్రపంచ రగ్బీ కీర్తిమందిరంలో ఆమెకు చోటిచ్చారు.

మన పిల్ల కాస్త గెంతితే, "ఆడపిల్లవి, నెమ్మది!" అనేస్తాం. ఇకపై ఆ మాట అనబోయే ముందు ఆ పంతులమ్మను ఒక్కసారి తలచుకుందామా?