పొయ్యి వేడి ఎవరి మీద పడింది?

కట్టెల పొయ్యి గురించి ఎవరు మాట్లాడినా పొగ దగ్గర మొదలుపెట్టి పొగ దగ్గరే ఆపేస్తారు. కళ్ళ మంటలు, దగ్గు, మసి, అన్నీ నిజమే. కానీ మా అమ్మమ్మ తరం వాళ్ళని అడిగి చూడండి, సెగ మాట కూడా చెబుతారు. మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో అయిదో వంతు కుండకు చేరితే గొప్పే. మిగిలిందంతా గోడలకి, గాలికి, పొయ్యి ముందు కూర్చున్న మనిషికి.

ఆ మిగులు వేడి చేత మనవాళ్ళు ఎన్ని పనులు చేయించుకున్నారో! అన్నం వార్చాక కట్టెలు వెనక్కి లాగేసి, ఆ నిప్పుల సెగ మీదే ఉమ్మగిల్లనిచ్చేవారు. దిబ్బరొట్టెకైతే కొన్ని నిప్పులు తీసి మూత మీద వేసేవారు, పైనా కిందా ఒకేలా కాలాలని. ఇంకొన్నిటి మీద నీళ్ళు చల్లి ఆర్పితే అవే మర్నాటి కుంపట్లోకి బొగ్గులు. పాలకి అసలు మంటే అక్కర్లేదు. దాలిలో పిడకల సెగ మీద గంటలకొద్దీ కాగి ఎర్రగా మీగడ కట్టేవి. రాత్రి మిగిలిన నిప్పు మీద బూడిద కప్పితే తెల్లారేదాకా ఆరేది కాదు. ‘నివురు గప్పిన నిప్పు’ అని తెలుగు పరీక్షల్లో జాతీయం రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, అది వంటింటి పద్ధతని మాకు ఏ మాష్టారూ చెప్పలేదు.

ఇదంతా వేడిని వాడుకునే తెలివి. ఒంటి మీద పడే సెగకి మాత్రం పెద్ద ఉపాయం లేదు. ఎండాకాలం పొయ్యిని పెరట్లోకి మార్చడం, ఎండెక్కకముందే వంట ముగించడం. పెరడు లేనివాళ్ళకి అదీ లేదు.

1947లో వార్ధాలోని మగన్‌వాడిలో ‘మగన్ చూల్హా’ తయారైంది. మన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు మరో పొయ్యి రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని పుస్తకమే వేశారు. పేరులో ఉన్నది పొగే అయినా, నాకు నచ్చింది వేడి సంగతి. మంట మట్టి గోడల మధ్య ఉంటుంది. మొదటి కుండ కింద ఎక్కువైన వేడి పక్క కుండ కిందకి వెళ్ళి, ఆ తర్వాతే గొట్టంలోకి పోతుంది. మనిషికి తగిలే సెగని ఇంకో వంటకి మళ్ళించడమన్నమాట.

1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. 3 కోట్లకు పైగా కట్టారు, చాలావాటిని జనం వదిలేశారు. గొట్టంలో మసి పేరుకునేది, మట్టి బీటలిచ్చేది. లావు కట్టె పట్టడం లేదని పొయ్యి నోరు పగలగొట్టి పెద్దది చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళకి వాడటం రాలేదన్నారు కొందరు. పూటకి ఒక్క కుండే ఎక్కే ఇంట్లో రెండో కంత ఎందుకు? దాన్ని మూయకపోతే పొగా, సెగా రెండూ అక్కణ్ణుంచే వచ్చేవి. కట్టేముందు, ఏ పూట ఏం వండుతావమ్మా అని అడిగితే తెలిసేది.

తర్వాత 1999లో ‘దీపం’, 2016లో ‘ఉజ్వల’. గ్యాస్ వచ్చినా చాలా ఊళ్ళలో పెరటి పొయ్యి నీళ్ళు కాచుకోడానికి ఉండిపోయింది. చలికాలం పిలవకుండానే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. వైశాఖంలో కట్టెలు ఎగదోసేది మాత్రం ఒక్కతే.