సికందర్ బాగ్: ఒక ఫోటో చెప్పే చరిత్ర

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అని మన పిల్లలు అనుకుంటారు. ఒక్క ఫోటోను పట్టుకుని కూడా చరిత్ర చదవవచ్చు. లక్నోలోని సికందర్ బాగ్ ఫోటో అటువంటిది.

అవధ్‌ను ఏలిన వాజిద్ అలీ షా తన బేగం సికందర్ మహల్ పేరిట కట్టించిన తోట ఇది. చుట్టూ ఎత్తయిన గోడ, లోపల ఒక మహలు. 1856లో కంపెనీవారు అవధ్‌ను కలిపేసుకున్నారు. మరుసటి ఏడు తిరుగుబాటు లేచింది. అప్పుడు సిపాయీలకు ఆ తోటే కోట అయింది.

1857 నవంబర్ 16న సర్ కాలిన్ కాంప్‌బెల్ సైన్యం రెసిడెన్సీలో చిక్కుకున్న తమవాళ్లను విడిపించడానికి పోతూ, ఫిరంగులతో గోడకు కంత కొట్టి లోపల జొరబడింది. తప్పించుకుపోయే దారి లేదు. సుమారు 2,000 మంది అక్కడే హతమయ్యారు. ఇంగ్లీషువారు తమ వాళ్ల శవాలను పూడ్చుకున్నారు. సిపాయీల శవాలెన్నో అట్లాగే పడి ఉన్నాయి. వారికి జనాజా లేదు, చితీ లేదు.

1858లో ఫెలీచే బియాటో అనే ఫోటోగ్రాఫరు లక్నో వచ్చాడు. అంతకుముందు క్రిమియా యుద్ధంలో ఫోటోలు తీసినవాడు. అతని ఫోటోలో వెనుక గుండ్ల దెబ్బలు తిన్న స్తంభాల మహలు, అక్కడ కొందరు మనుషులు, ఒక గుర్రం, ముందు నేల నిండా ఎముకలు కనిపిస్తాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. యుద్ధం ముగిసి అప్పటికి నెలలు గడిచాయి. ఆ ఎముకలను బయటికి తీయించి, ఫోటో కోసం పరిపించారని చరిత్రకారులు చాలామంది అంటారు. ఆ కాలపు కెమెరా ముందు మనుషులు కదలకుండా నిలబడాలి. కాబట్టి అది ఉన్నపళంగా తీసింది కాదు, పేర్చి తీసింది. బియాటో ఫోటోలు కొన్నది ఎక్కువగా ఇంగ్లీషువారే. గెలిచినవాడు చూడగోరినదే అందులో ఉంది.

అయినా ఆ ఫోటో మరో సంగతి కూడా చెబుతుంది. ఆ ఎముకలలో ఏది హిందువుది, ఏది ముసల్మానుది? ఎవరూ చెప్పలేరు. ఇద్దరూ ఒకే గోడ వెనుక నిలబడి పోరాడారు. పాసీ కులపు స్త్రీ ఊదా దేవి చెట్టెక్కి తుపాకి పేల్చిందని అక్కడి జనం చెప్పుకుంటారు. ఆమె విగ్రహం నేడు సికందర్ బాగ్‌లో ఉంది.

మన హైదరాబాదులోనూ 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీదికి పోయారు. ఆ పేర్లు మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

పిల్లలకు పాత ఫోటో చూపినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? ఎవరి కోసం తీశారు? ఈ మూడూ అడగడం వస్తే చరిత్ర చదవడం వచ్చినట్టే.