అనంతానికీ అంతస్తులున్నాయి

నవంబరు 21 కొమరవోలు చంద్రశేఖరన్ పుట్టినరోజు. 1920లో బందరులో పుట్టి, బాపట్లలో హైస్కూలు చదివి, 2017లో జూరిచ్‌లో కన్నుమూసిన ఈ గణితవేత్త శతజయంతి కరోనా ఏడాదిలో పడింది.  బందరు గొప్పలు చెప్పమంటే లడ్డూ, కలంకారీ దగ్గర ఆగిపోతాం. అవకలనం తోడున్న వాల్యుయేషన్ క్షేత్రాలనే కొత్త తరం బీజగణితానికి కూడా బందరుతో చుట్టరికం ఉందని నా వాదన. పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాక తెలుగునాట గణితానికి శతాబ్దాల పాటు ఆధారాలు పలచన. ఒక్క అంగలో 1910కి దూకడమే మేలు.

ఆ ఏడాది కేంబ్రిడ్జిలో జి.హెచ్. హార్డీ ‘ఆర్డర్స్ ఆఫ్ ఇన్ఫినిటీ’ అనే చిన్న పుస్తకం వేశాడు. ఎక్స్ అనంతానికి పోతుంటే లాగ్ ఎక్స్ కూడా పోతుంది, ఎక్స్ వర్గమూ పోతుంది. ఎవరి వేగం వారిది. లాగ్‌లు, ఎక్స్‌పొనెన్షియళ్లు, నాలుగు పరిక్రియలతో తయారయ్యే ఏ రెండు ప్రమేయాలనైనా వేగాన్ని బట్టి పోల్చవచ్చని హార్డీ చూపాడు. సైన్ ఎక్స్ లాంటి ఊగిసలాట గాళ్లకు అక్కడ చోటు లేదు. అవకలనం చేసినా ఈ ప్రమేయాలు ఆ గుంపు దాటవు. క్షేత్రం (నాలుగు పరిక్రియలూ చెల్లే గుంపు), దాని మీద అవకలనం, వేగాన్ని కొలిచే వాల్యుయేషన్ మూడూ అక్కడే ఉన్నాయి. పేర్లు పెట్టడమే తరువాయి.

హార్డీ దగ్గర చదువుకుని మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన కె. ఆనందరావు శిష్యుడే చంద్రశేఖరన్. ఆ గురుశిష్యులు తలమునకలైన లెక్క ఎలాంటిదో చూడండి. ఒక శ్రేణిలో ఎన్-వ పదం పరిమాణం ఒకటి బై ఎన్, దిశ మాత్రం లాగ్ ఎన్‌తో పాటు సంకీర్ణ తలంలో తిరుగుతుంటుంది. దీని పాక్షిక మొత్తాలు ఏ బిందువు దగ్గరా స్థిరపడవు. ఒక కేంద్రం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూనే ఉంటాయి. మామూలు సగటు ఎన్నిసార్లు తీసినా ఆ తిరుగుడు ఆగదు. అదే లాగ్ ఎన్ కొలతతో సగటు తీస్తే తిరుగుడంతా రద్దయి కేంద్రం బయటపడుతుంది. నెమ్మదైన కొలతకే బలం ఎక్కువన్నమాట! ఒక కొలతతో మొత్తం తేలిన శ్రేణికి అంతకంటే నెమ్మదైన కొలతతోనూ అదే మొత్తం తేలుతుందనేది ‘రెండో కన్సిస్టెన్సీ సిద్ధాంతం’. 1916లో హార్డీ దీన్ని నిరూపించినప్పుడు, రెండో కొలత మొదటిదానికి లాగ్-ఎక్స్‌పొనెన్షియల్ ప్రమేయమై, అంటే తన 1910 పుస్తకంలోని గుంపుకు చెందినదై, ఉండాలన్నాడు. పీహెచ్‌డీ అందుకున్న 1942లోనే చంద్రశేఖరన్ అదే సిద్ధాంతాన్ని అబ్సల్యూట్ రకం శ్రేణుల కోసం చేపట్టి వ్యాసం రాశాడు.

ఇదంతా విశ్లేషణ గణితం కదా, బీజగణితం ఎక్కడుందని అడగవచ్చు. చంద్రశేఖరన్‌ను ఈ శాస్త్రానికి పితామహుణ్ని చేస్తే అతి అవుతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ హార్డీ పెట్టిన షరతును గమనించండి. కొలత ఊగిసలాడకూడదు, అవకలనం చేస్తే చెదరకూడదు. ఆ రెంటికీ హామీ ఇచ్చేది క్షేత్రమే. పైగా 1949లో హోమీ భాభా పిలిస్తే ప్రిన్స్‌టన్ నుంచి బొంబాయి వచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన కట్టిన గణిత బడిలోంచే శేషాద్రి, నరసింహన్ బీజగణిత జ్యామితిలోకి వెళ్లారు. తన శాఖనే పట్టుకు వేలాడమని ఆయన ఎవరినీ కట్టిపడేయలేదు.

హార్డీ ప్రమేయాల నుంచి ఇంకో దారి చీలిపోతుంది. ‘హార్డీ క్షేత్రం’ అని పేరు పెట్టింది ఫ్రాన్సులో బూర్బాకీ బృందం. అమెరికాలో రోసెన్‌లిఖ్ట్ దాన్ని ముందుకు నడిపాడు. 2017లో ఆషెన్‌బ్రెన్నర్, వాన్ డెన్ డ్రీస్, వాన్ డెర్ హూవెన్ ముగ్గురూ ఈ విషయం మీదే ఎనిమిది వందల పైచిలుకు పేజీల గ్రంథం వేశారు. ఇప్పటి పేచీ విస్తరణల మీద. కొత్త అంతస్తులేమీ (అంటే కొత్త వేగాలేమీ) లేపకుండా, ఉన్నవాటి మధ్య ఖాళీలు మాత్రమే నింపుతూ క్షేత్రాన్ని ఎంతవరకు పెంచగలం? అవకలనం లేనప్పుడు అలా నిండుగా పెరిగిన క్షేత్రం ఎప్పుడు ఒక్కటే అవుతుందో గణితవేత్త కప్లాన్‌స్కీ తేల్చాడు, అదీ 1942లోనే. అవకలనం చేరాక, అది మరీ దూకుడుది కాకపోతే, అలాంటి విస్తరణ ఉంటుందని 2018 నాటికి రుజువైంది. అది ఒక్కటేనా అంటే మాత్రం ఇంకా అదనపు షరతులు పెట్టుకునే జవాబు చెబుతున్నారు.