వరుసలో నిలబడిన ప్రభువు



మన మందిరాల్లో మనం బొమ్మలు పెట్టుకోము. అయినా మత్తయి సువార్త 25వ అధ్యాయం ధ్యానిస్తూ ఉండగా ఒక పాత చిత్రం మమ్మల్ని గద్దించింది. దాని సంగతి మీతో చెప్పాలనుకున్నాము.

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన ఆల్క్‌మార్ అనే పట్టణం ఉంది. అక్కడి సెయింట్ లారెన్స్ దేవాలయంలో ఉండిన ఈ చిత్రం మీద 1504 అనే సంవత్సరం వేసి ఉంది. లూథర్ గారు తన 95 వాదాలు ప్రకటించడానికి ఇంకా 13 ఏళ్లున్న కాలమది. గీసినవాని పేరు నిలవలేదు. చరిత్రకారులు అతణ్ణి ఆల్క్‌మార్ మాస్టర్ అని మాత్రమే పిలుస్తారు.

సుమారు మీటరు ఎత్తున్న ఏడు చెక్క పలకలు పక్కపక్కనే ఉంటాయి. ఆకలిగొన్నవారికి రొట్టె, దప్పిగొన్నవారికి నీళ్లు, బట్టలు లేనివారికి బట్టలు, చనిపోయినవారికి సమాధి, పరదేశులకు బస, రోగులకు పరామర్శ, చెరలో ఉన్నవారికి ఆదరణ. వీటిలో ఆరు మత్తయి 25లో ప్రభువు చెప్పినవే. మృతులను పాతిపెట్టడం అనేది తోబీతు గ్రంథాన్ని బట్టి సంఘం తరువాత చేర్చుకున్నది. ఇవన్నీ జరిగేది బైబిలు దేశంలో కాదు, ఆనాటి డచ్చి పట్టణపు వీధిలో, ఇళ్ల గుమ్మాల ముందు.

మధ్యనున్న సమాధి పలకలో ప్రభువు ఇంద్రధనుస్సు మీద న్యాయాధిపతిగా కూర్చున్నాడు. మొదటి పలకలో చూస్తే రొట్టె పంచేవారి పక్కన ఆయన లేడు. తీసుకునే బీదల గుంపులో, వారిలో ఒకడిగా నిలబడి ఉన్నాడు. పంచేవారు ఆయనను గుర్తుపట్టినట్టే లేదు. ఆయన చూపు మాత్రం మన వైపే ఉంది.

ఆ 16వ శతాబ్దంలోనే విగ్రహాలను, చిత్రాలను ధ్వంసం చేసినవారు ఈ పలకలనూ పాడుచేశారు. వారు మన సంస్కరణ పక్షంవారే. విగ్రహారాధన మీద వారి భయం మనకు అర్థమవుతుంది. క్రియల వలన రక్షణ కలుగదని మనమూ బోధిస్తాము. అయితే ఎఫెసీ 2లో 9వ వచనం దగ్గరే ఆగిపోకూడదు. సత్క్రియలు చేయడానికే దేవుడు మనలను సృష్టించాడని 10వ వచనం చెబుతోంది. గాయపడిన ఆ చిత్రం చెక్కుచెదరని ఆ వాక్యాన్నే మన ముందు పెడుతోంది. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది.

ఇక మా సంగతి. కిందటి క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు, దుప్పట్లు పంచాము. ఫోటో బాగా రాలేదని ఒక పెద్దమ్మను మళ్లీ పిలిచి, ఇచ్చిన చీర మళ్లీ ఇచ్చినట్టు నిలబెట్టాము. ఆమె తల వంచుకుని నిలబడింది. ఆ ఫోటోలో మేము నవ్వుతూ ఉన్నాము. ఈ చిత్రం చూశాక ఆ ఫోటో మళ్లీ తీసి చూశాము. ప్రభువు అందులో ఎక్కడ నిలబడ్డాడో మాకు తెలిసింది. ఆయన మా పక్కన లేడు.

ఆ తరువాత ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆమె మాకు టీ కాచి ఇచ్చింది. ఆ రోజు తీసుకున్నవారం మేమే.

ప్రియులారా, ఈ వారం మీ గుమ్మం ముందుకు ఎవరైనా వస్తే, ఇచ్చే ముందు ఒక్కసారి వారి ముఖంలోకి చూడండి. ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.