టయోటా: నర్సంపేట ప్రాంతంలో

టయోటా జపాన్ వాహన తయారీ సంస్థ. దాని ప్రధాన కార్యాలయం నగోయా నగరానికి తూర్పున, ఐచి ప్రాంతంలోని టయోటా పట్టణంలో ఉంది. ఒకప్పుడు కొరొమో అని పిలిచిన ఆ ఊరు 1959లో కంపెనీ పేరునే తన పేరుగా మార్చుకుంది. 2023లో ఈ సంస్థ లెక్సస్ కార్లతో కలిపి ప్రపంచమంతటా కోటికి పైగా వాహనాలు అమ్మింది.

వరంగల్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నర్సంపేటకు రైలు సౌకర్యం లేదు. రైలెక్కాలంటే కాజీపేట–విజయవాడ మార్గంలోని నెక్కొండకో, వరంగల్‌కో పోవాలి. పత్తి, మిర్చి, మక్కలు మార్కెట్‌కు చేరాలన్నా, అర్ధరాత్రి రోగిని హనుమకొండ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, పెళ్లివారు కదలాలన్నా రోడ్డే దిక్కు. ఇలాంటి చోట వాహనానికి మంచి పేరు రావాలంటే ప్రకటనలు చాలవు. నిండా మనుషులను, సరుకును మోసి, చెడిపోతే ఊళ్లోని షెడ్డులోనే బాగుపడి, అమ్ముకునే నాడు నాలుగు డబ్బులు తెచ్చిపెట్టాలి. టయోటా ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గింది. అయితే తెలంగాణ పల్లెలకు అది కారుగా కంటే ముందు సరుకు బండిగా పరిచయమైంది.

మగ్గంతో మొదలు

సంస్థ మూలపురుషుడు సకిచి టయోడా 1867లో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టాడు. తల్లి చేతిమగ్గం మీద నేసేది. ఆ శ్రమను చూసి పెరిగిన సకిచి జీవితమంతా మగ్గాలను మెరుగుపరచడానికే పెట్టాడు. 1924 నాటికి తయారైన జి-రకం ఆటోమేటిక్ మగ్గం ఆయన పనికి పరాకాష్ఠ. నేస్తుండగా పోగు తెగితే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోయేది. దాంతో బట్ట పాడయ్యేది కాదు, ఒకే మనిషి పదుల మగ్గాలను చూసుకోగలిగేవాడు. తప్పు కనబడగానే పని ఆపాలన్న ఈ సూత్రమే తర్వాత కార్ల ఫ్యాక్టరీలోకి వచ్చింది. అసెంబ్లీ లైన్ మీద లోపం గమనించిన ఏ కార్మికుడైనా తాడు లాగి లైన్‌ను ఆపించవచ్చు. టయోటా వాహనాల మన్నిక గురించి ఎవరు ఎన్ని చెప్పినా దాని మూలం ఇక్కడే ఉంది.

1929లో ఆ మగ్గం పేటెంట్ హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో ఆ రోజుల్లోనే మోటారు వాహనాల మీద పరిశోధన మొదలుపెట్టాడు. 1933లో మగ్గాల కంపెనీలో వాహన విభాగం ఏర్పడింది. 1934లో తొలి ఇంజన్ తయారైంది. నిజాం హయాంలో వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు వెలసిన సంవత్సరం కూడా అదే. మరుసటి ఏడు మార్కెట్లోకి వచ్చిన టయోటా మొదటి వాహనం జి1 లారీ. అమ్మిన కొత్తలో అది తరచూ రోడ్డు మీదే ఆగిపోయేది. కంపెనీ మనుషులు వెళ్లి బాగుచేసి, ఎక్కడ విరుగుతోందో రాసుకుని, ఆ భాగాన్ని మార్చుకుంటూ పోయారు. ఏఏ కారు 1936లో వచ్చింది. 1937 ఆగస్టు 28న టయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది.

ఆ తర్వాత దారి నల్లేరు మీద నడక కాలేదు. 1950లో కంపెనీ దివాలా అంచుకు చేరింది. కార్మికుల సమ్మె జరిగింది, కీచిరో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. కొద్ది వారాలకే కొరియా యుద్ధం మొదలై, అమెరికా సైన్యం ఇచ్చిన లారీల ఆర్డర్లు కంపెనీని గట్టెక్కించాయి. 1966లో కరోలా, 1989లో లెక్సస్, 1997లో పెట్రోలుకు బ్యాటరీని జోడించిన ప్రియస్ వచ్చాయి.

డీసీఎం రోజులు

1980ల మొదట్లో భారత ప్రభుత్వం చిన్న లారీల తయారీకి జపాన్ కంపెనీలతో పొత్తుకు అనుమతి ఇచ్చింది. నాలుగు జంటలు ముందుకొచ్చాయి. పంజాబ్‌లో స్వరాజ్ మాజ్డా, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. నాలుగో జంటలోని ఆల్విన్ హైదరాబాద్ కంపెనీయే. ఫ్రిజ్‌లకు, బస్సుల బాడీలకు, చేతి గడియారాలకు అప్పటికే పేరున్న సంస్థ. తర్వాత ఆ వాహన విభాగం మహీంద్రా చేతికి పోయింది.

డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. మగ్గాల నుంచి పుట్టిన జపాన్ కంపెనీకి భారత్‌లో దొరికిన మొదటి భాగస్వామి కూడా బట్టల మిల్లు సంస్థే. టయోటా డైనా నమూనాతో ఈ జంట తయారుచేసిన బండి పెద్ద లారీ కంటే చిన్నది, ఆటో ట్రాలీ కంటే చాలా పెద్దది. పెద్ద లారీ తిరగలేని ఊరి సందుల్లోకి పోయి వచ్చేది. పల్లె సరుకుకు సరిగ్గా సరిపోయే కొలత అది.

బండి బాగున్నా వ్యాపారం నిలవలేదు. 1985 సెప్టెంబరులో పెద్ద దేశాల మధ్య జరిగిన ప్లాజా ఒప్పందం తర్వాత జపాన్ యెన్ విలువ గబగబా పెరిగింది. అక్కడి నుంచి తెచ్చుకునే విడిభాగాలు భారమయ్యాయి. 1986లో టాటా 407 దిగింది. ధరలోనూ, ఎక్కడైనా దొరికే స్పేర్ పార్టుల్లోనూ దానిదే పైచేయి. 1990ల మధ్యలో కొరియాకు చెందిన దేవూ డీసీఎం టయోటాను తీసుకుని అదే ఫ్యాక్టరీలో సియెలో కార్లు చేసింది. కొన్నేళ్లకు అదీ మూతపడింది.

కంపెనీ పోయినా పేరు మిగిలింది. తెలంగాణలో ఈ కొలత బండి ఏ కంపెనీది అయినా సరే, అది డీసీఎమ్మే. పత్రికల్లోనూ అలాగే రాస్తారు. దుగ్గొండి, నల్లబెల్లి, ఖానాపురం, చెన్నారావుపేట మండలాల మిర్చి బస్తాలు, పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయేది ఎక్కువగా ఇలాంటి బండ్లలోనే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి కూడా ఈ బండ్లెక్కిన పంటే. మిర్చి ఏరే రోజుల్లో కూలీలను కూడా వీటిలోనే నిలబెట్టి తీసుకెళ్తారు. ఇది చట్టవిరుద్ధం. సరుకు కోసం కట్టిన బాడీలో పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, కూర్చోవడానికి సీటు ఉండదు. మలుపులో బోల్తా పడితే మనుషులు కుప్పగా కింద పడతారు. కిరాయి కాస్త ఎక్కువైనా రైతులు, మేస్త్రీలు సీట్లున్న బండినే మాట్లాడాలి.

క్వాలిస్, ఇన్నోవా

టయోటా రెండోసారి భారత్‌కు వచ్చినప్పుడూ నూలు వెంటే వచ్చింది. 1995లో కిర్లోస్కర్లతో కలిసి మొదట పెట్టింది నూలు మిల్లుల యంత్రాల కంపెనీ. టయోటా కిర్లోస్కర్ మోటార్ 1997 అక్టోబరులో ఏర్పడింది. ఫ్యాక్టరీ బెంగళూరు పక్కన బిడదిలో ఉంది. ఇక్కడి మొదటి వాహనం క్వాలిస్, 2000 జనవరిలో విడుదలైంది. ఇండోనేషియాలో ఏళ్ల తరబడి నడిచిన కిజాంగ్ దీనికి ఆధారం. పెట్టెలాంటి ఆకారం చూసి కొన్ని పత్రికలు పెదవి విరిచాయి. కానీ కొనేవాళ్లు చూసింది లోపల ఎంత చోటుందో, డీజిల్ ఎంత తాగుతుందో. హైటెక్ సిటీలో కంపెనీలు పెరుగుతున్న ఆ రోజుల్లో రాత్రి షిఫ్టు ఉద్యోగులను తిప్పింది చాలావరకు క్వాలిస్, సుమోలే. బాగా అమ్ముడవుతున్నప్పుడే, 2005లో టయోటా దాన్ని ఆపేసి ఇన్నోవాను దింపింది. గిరాకీ ఉన్న బండిని ఆపడం చాలామందికి మింగుడుపడలేదు. ఇన్నోవా రెండు మూడేళ్లలోనే ఆ అనుమానాన్ని తీర్చింది.

2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, మెత్తని ప్రయాణం, వెనక వరుసల దాకా అందే ఏసీ, ఏడెనిమిది మందికి సీట్లు: తెలుగు నేల మీద ఉమ్మడి కుటుంబాల ప్రయాణానికి ఇన్నోవా కుదిరినట్టు మరో బండి కుదరలేదు. 2014 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పోలీసులకు గస్తీ కోసం ఇన్నోవాలనే ఇచ్చింది. 2009లో వచ్చిన ఫార్చ్యూనర్ రాజకీయ నాయకుల, కాంట్రాక్టర్ల గుమ్మాల ముందు చేరింది. 2010 చివర్లో వచ్చిన ఎటియోస్‌ను కుటుంబాల కంటే టాక్సీ డ్రైవర్లు ఎక్కువ ఆదరించారు. 2016లో ఇన్నోవా క్రిస్టా, 2022 చివర్లో హైబ్రిడ్ ఇంజన్‌తో ఇన్నోవా హైక్రాస్ వచ్చాయి.

యజమానుల అనుభవం

నర్సంపేట ప్రాంతంలో ఇన్నోవా ఎక్కువగా కిరాయి బండి. కొత్తది కొనే స్తోమత కొద్దిమందికే. చాలామంది కొనేది హైదరాబాద్‌లోనో హనుమకొండలోనో రెండు మూడు చేతులు మారిన బండిని. డ్రైవరే ఓనరు. ఏడాదిలో అతని రాబడి పెళ్లిళ్ల ముహూర్తాలు, తిరుపతి, శ్రీశైలం యాత్రలు, ఆసుపత్రి కిరాయిల మీద ఆధారపడుతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే వారం పది రోజులు నిద్ర ఉండదు. నల్లబెల్లి మీదుగా మల్లంపల్లి చేరి, ములుగు, పస్రా దాటిపోవాలి. డిక్కీలో అమ్మవార్లకు మొక్కిన బెల్లం, వంట సామాను, పైన క్యారియర్ మీద గుడారం గుడ్డలు, లోపల సీట్లకు మించిన జనం. ట్రాఫిక్‌లో గంటల తరబడి మొదటి గేరులో పాకుతూ పోయినా ఇంజన్ వేడెక్కి ఆగకపోవడమే ఇన్నోవా ఓనర్లు మొదట చెప్పుకునే గొప్ప.

రెండో గొప్ప, ఎంత తిరిగినా ఇంజన్ విప్పాల్సిన పని పడకపోవడం. ఆయిల్, ఫిల్టర్లు వేళకు మారిస్తే మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండ్లు ఇంకా కిరాయికి తిరుగుతుంటాయి. షోరూం సర్వీసు కావాలంటే వరంగల్ వైపు పోవాలి కాబట్టి వారంటీ తీరాక చాలామంది ఊళ్లోని మెకానిక్‌నే నమ్ముకుంటారు. పాత ఇన్నోవా నిర్మాణం అతనికి అందే రకం. విడి ఛాసిస్, వెనక చక్రాలకు లాగుడు శక్తి, లారీ పని తెలిసిన చేతికి కొత్తేమీ కాదు.

కష్టాలూ ఉన్నాయి. పార్టుల ధర మారుతీతో పోల్చితే ఎక్కువ. ఇంజెక్టర్లు పోతే నెల సంపాదన పోయినట్టే. ఫుల్ లోడ్‌తో ఏసీ వేసుకుని తిరిగితే డీజిల్ లెక్క కిరాయిని తినేస్తుంది. గతుకుల్లో బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు ముందే అరుగుతాయి. ఊరి బండికి ఊరి కష్టాలు వేరే. వడ్ల బస్తాలున్న వాకిట్లో నిలిపితే ఎలుకలు బానెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి. మార్కెట్ రోజుల్లో నమూనాకని ఒక్క మిర్చి బస్తా వెనక సీటు కింద పెట్టినా ఆ ఘాటు దుమ్ము ఏసీ ఫిల్టర్ పట్టేసి, నాలుగు రోజుల దాకా ఎక్కిన ప్రతివాళ్లూ తుమ్ముతారు. ఫిల్టర్ తీసి దులిపితే సరిపోదు, కొత్తది వేయాల్సిందే.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనలు మరో చిక్కు తెచ్చాయి. కొత్త డీజిల్ బండ్ల పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి కొంతసేపు మంచి వేగంతో పరుగెత్తాలి. ఇంటి నుంచి చేనుకు, చేను నుంచి బజారుకు తిరిగే బండిలో మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది. దీన్ని కంపెనీ లోపం అనడం న్యాయం కాదు, కానీ అమ్మేటప్పుడు రైతుకు విడమరిచి చెప్పాల్సిన సంగతి ఇది.

పేరుకు మచ్చ, సుజుకితో చెలిమి

టయోటా పేరుకు దెబ్బలు తగలకపోలేదు. 2009–10లో యాక్సిలరేటర్ ఇరుక్కుపోయే లోపంతో లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. 2024 జనవరిలో మూడు డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో అక్రమాలు జరిగాయని టయోటా ఇండస్ట్రీస్ ఒప్పుకుంది. ఒకనాటి మగ్గాల కంపెనీయే ఈ టయోటా ఇండస్ట్రీస్. వాటిలో కొన్ని ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్‌లలో ఉన్నవే. భారత్‌లో ఆ బండ్ల సరఫరా కొద్ది రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. తప్పు కనబడితే లైన్ ఆపాలని ప్రపంచానికి నేర్పిన ఇంట్లోనే ఇది జరగడం బాధాకరం.

మరోవైపు సుజుకితో కుదిరిన పొత్తు వల్ల చిన్న పట్టణాల్లో ఈ బ్రాండు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. 2019లో బలేనో ఆధారంగా గ్లాంజా, 2023లో ఎర్టిగా ఆధారంగా రూమియన్ వచ్చాయి. పార్టులు చాలావరకు మారుతీవే కాబట్టి మెకానిక్‌కు కొత్త పాఠం అక్కర్లేదు.

పాత ఇన్నోవా కొనే ఉద్దేశం ఉన్నవారు మీటరు అంకెను నమ్మకండి. బండి నంబరుతో షోరూంలో సర్వీసు చరిత్ర అడగండి. 2005–2016 నాటి 2.5 లీటర్ల ఇంజన్‌కు టైమింగ్ బెల్ట్ ఉంటుంది, దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు చూడండి. అది నడుస్తుండగా తెగితే ఇంజన్ విప్పాల్సి వస్తుంది. టాక్సీ ప్లేటు నుంచి సొంత ప్లేటుకు మార్చిన బండా, ఫైనాన్స్ తీరినట్టు ఎన్‌వోసీ ఉందా, చలాన్లు పెండింగ్ ఉన్నాయా చూసుకోండి. 15 ఏళ్లు నిండిన బండికి ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. ఆ ఖర్చు కూడా కలుపుకున్నాకే బేరం మాట్లాడండి.